తాతకు వడ్డన

శ్రీకాకుళము దాపున నాగావళి యొడ్డున నివసించు నొక వృద్ధ కర్షకుడు మనుమరాలిని చూచుటకై విశాఖపట్టణమునకు వెళ్లెను. ఆమె హోటలు నిర్వహణ విద్య నభ్యసించుచు, శిక్షణలో భాగముగా నొక సొగసైన హోటలులో పనిచేయుచుండెను. అచట వడ్డించువారిలో పలువురు విద్యార్థులే.

"ఎంగిలి పళ్లెములు తీయుట కింత చదువా?" అని తాతకు లోలోపల చింత. ఊరిలో నెవరైన నడిగినచో "పట్టణములో చదువుచున్నది" అని మాత్రము చెప్పి యూరకుండెడివాడు.

నిజమున కిది క్రొత్త విద్య కాదు. 1893లోనే స్విట్జర్లాండు దేశపు లోజాన్ నగరమున దీనికై పాఠశాల వెలసెను. మన దేశమున 1954లో లీలావతీ మున్షీ గారి పూనికచే బొంబాయిలో నిట్టి విద్యాలయ మేర్పడెను. పాపము, తాత కీ సంగతులు తెలియవు.

మనుమరాలు కుడివైపున నిలిచి, చుక్కయైన తొణకకుండ నీరు పోసెను. పిదప గాజుగిన్నెలో చోడి అంబలి తెచ్చి యుంచెను. తాతకు నవ్వాగలేదు. పొలము గట్టున ముంతతో త్రావిన యంబలియే!

భోజనమైన తరువాత అలవాటుచొప్పున ఆయన పళ్లెము నెత్తబోయెను.

"ఉంచు తాతా, ఇది నా పని" అని ఆమె మెల్లగా వారించెను. ఆ కంఠమున సిగ్గు లేదు. తాత చేయి వెనుకకు తీసికొనెను.

"మన పెండ్లి బంతిలో విస్తరి ఎట్లు వేయుదురు, తాతా?" అని ఆమె యడిగెను. ఆకు కొన ఎడమచేతివైపునకు రావలెనని ఆయన బల్లపై వ్రేలితో గీచి చూపెను. మఱి ముగ్గురు విద్యార్థులు దగ్గరకు వచ్చి నిలిచిరి. తాత వారి కొఱకు మరల మొదటినుండి చెప్పసాగెను.