కన్నౌజ్ వీధుల్లో ఒక ఖాళీ సీసా

లక్నోలో బంధువుల ఇంట వివాహానికి బయలుదేరే రోజున మా అమ్మ తన పెట్టెలో నుంచి ఒక చిన్న గాజుసీసాను తీసి మా చేతిలో పెట్టింది. ఆరేళ్ల క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్న మా నాన్నగారి అత్తరు సీసా అది. అడుగున గోధుమరంగు చార తప్ప అందులో ఇంకేమీ మిగలలేదు. "కన్నౌజ్ అక్కడికి దగ్గరేనటగా! దొరికితే ఇదే అత్తరు తీసుకురండి" అన్నది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నాన్నగారికి బట్టల దుకాణం ఉండేది. జుమా రోజున గుస్ల్ చేసి, ఉతికిన తెల్లబట్టలు ధరించి, అత్తరు అద్దిన దూదిని చెవి మడతలో పెట్టుకొని ఆయన మస్జిదుకు బయలుదేరేవారు. ఆయన దాటిపోయిన తరువాత కూడా ఆ పరిమళం వీధిలో కాసేపు నిలిచేది. "మీ నాన్నగారు ఇప్పుడే వెళ్లారు" అని ఇరుగుపొరుగువారు ఆయనను చూడకుండానే చెప్పేవారు. అంతటి మనిషి వాడిన అత్తరు తప్పక ఖరీదైనదే అయి ఉంటుందని మేము చిన్ననాటి నుంచి నమ్మాము. ఎంత ధరైనా సరే, కొని తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాము.

లక్నో నుంచి కన్నౌజ్‌కు కారులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. చలి తగ్గుముఖం పట్టిన రోజులు. దారి పొడవునా బంగాళాదుంప పొలాలు. గంగానది చెంతనున్న ఈ పట్టణం 7వ శతాబ్దంలో హర్షవర్ధనుని రాజధాని. పాఠశాలలో చరిత్ర పాఠంగా చదువుకున్న ఆ పేరు నేడు అత్తరు వలన సజీవంగా ఉంది. ఇక్కడి సుగంధద్రవ్యాలకు 2014లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

బడా బజారు ఇరుకు సందుల్లోకి అడుగుపెట్టగానే గులాబీ, వట్టివేరు, కట్టెల పొగ కలగలిసిన వాసన ఎదురైంది. పెళ్లివారింటివారు చెప్పిన ఒక కార్ఖానాకు చేరుకున్నాము. లోపల మట్టి పొయ్యిల మీద పెద్ద పెద్ద రాగి పాత్రలు వరుసగా కొలువై ఉన్నాయి. వాటిని 'దేగ్' అంటారు. దేగ్‌లో పూలు, నీరు పోసి, మూత అంచును దూది కలిపిన మట్టితో మూసివేస్తారు. అందులో నుంచి వెలువడే ఆవిరి ఒక వెదురు గొట్టం గుండా ప్రయాణించి నీటితొట్టెలో మునిగి ఉన్న మరొక రాగిపాత్రలోకి దిగుతుంది. దాని పేరు 'భప్కా'. అందులో ముందుగానే చందన తైలం పోసి ఉంచుతారు. ఆవిరి చల్లబడి నీరవుతుంది. పూల పరిమళాన్ని చందనం తనలో ఇముడ్చుకుంటుంది. రాత్రి చల్లారిన తరువాత నీటిని వేరుచేసి తిరిగి దేగ్‌లో పోస్తారు. మరునాడు కొత్త పూలు, అదే చందనం. తైలం పరిమళంతో నిండేవరకు ఈ పని దాదాపు రెండు వారాలు సాగుతుంది.

అక్కడ ఉష్ణమాపకం ఏదీ మాకు కనిపించలేదు. ఒక వృద్ధ కార్మికుడు నీటిలోకి చేయి పెట్టి భప్కాను తడిమి, మంట తగ్గించాలో పెంచాలో చెబుతున్నాడు. "చాచా, చేయి కాలదా?" అని మా అమ్మాయి అడిగింది. "కాలినప్పుడే కదమ్మా, మంట ఎక్కువైందని తెలిసేది!" అని ఆయన నవ్వాడు.

తయారైన అత్తరును తోలుతో చేసిన 'కుప్పీ'లో పోసి ఎండలో ఉంచుతారట. మిగిలిన తేమ తోలు గుండా ఆవిరైపోతుంది, తైలం మాత్రం నిలుస్తుంది. కాల్చిన మట్టి పెళ్లలను దేగ్‌లో వేసి తీసే అత్తరు కూడా చాచా చూపించాడు. తొలకరి జల్లు పడిన మా పల్నాటి నేల వాసన అది! వేసవికి వట్టివేరు, గులాబీ, మొగలి. చలికాలానికి ఒంటికి వెచ్చదనాన్నిచ్చే హీనా, షమామా. షమామా ఒక్క పువ్వు నుంచి వచ్చేది కాదు. జటామాంసి, రాతిపువ్వు, జాజికాయ, జాపత్రి, లవంగం, ఏలకులు వంటి అనేక ద్రవ్యాల కలయిక. వాటిలో సగం మా వంటింటి పోపులపెట్టెలో ఉన్నవేనని మా శ్రీమతి ఆశ్చర్యపోయింది.

చాచా మా ముగ్గురి ముంజేతుల మీద ఒకే షమామా బొట్టు రాశాడు. అరగంట గడిచాక వాసన చూసుకుంటే ముగ్గురిదీ ఒకేలా లేదు. "అత్తరు సగం మేము తయారుచేస్తాము, మిగతా సగం ఒళ్లు తయారుచేసుకుంటుంది" అన్నాడాయన.

అప్పుడు నాన్నగారి సీసాను ఆయన చేతికిచ్చాము. మూత తీసి ముక్కుకు దగ్గరగా పెట్టుకున్నాడు. వేలితో అడుగును గీసి, రెండు వేళ్ల మధ్య రుద్ది, మళ్లీ వాసన చూశాడు.

"ఇందులో చందనం లేదు బాబూ" అన్నాడు మెల్లగా. "చందనం ఉంటే ఆరేళ్లు కాదు, అంతకంటే ఎక్కువ కాలమైనా తన ఉనికిని చెబుతుంది. ఇది పారాఫిన్ నూనెలో కలిపిన చవక షమామా. చందనం ధర పెరిగిన తరువాత ఇటువంటివి చాలా వచ్చాయి. దీనికోసం మీరు ఇంత దూరం రానవసరం లేదు. ఏ ఊరిలోనైనా దొరుకుతుంది."

మాకు మనసు చివుక్కుమన్నది. దుకాణదారు ఎవరో నాన్నగారిని మోసగించి ఉంటాడని అనుకున్నాము. ఆ మోసాన్ని ఇప్పుడు సరిదిద్దుతున్నామన్న భావంతో అసలు చందనంలో తీసిన షమామాను చిన్న సీసాడు కొన్నాము. దాని ధర ఇక్కడ చెప్పుకోవడానికి కూడా సంకోచంగా ఉంది.

ఇల్లు చేరి ఆ సీసాను అమ్మ ముందుంచి, జరిగినదంతా వివరించాము. ఆమె మూత తీసి చూసి, ఒక్కసారి కళ్లు మూసుకున్నది.

"ఇది మీ నాన్న పెట్టుకునేది కాదురా. మీ నాన్న పెట్టేది" అన్నది.

మాకు అర్థం కాలేదు.

"ఆ సీసాలోది ఖరీదైనదని నేనెప్పుడన్నాను? ఆయనను మోసగించిందీ ఎవరూ లేదు. తెలిసే కొనుక్కున్నారు. బీరువాలో పొడుగు బిరడా సీసా ఒకటుండేది, గుర్తులేదా? పండుగనాడు ఇంటికొచ్చినవాళ్ల చేతికి రాసేది అందులోదే. దుకాణంలో మూటలు మోసే మస్తాన్‌కైనా, ఊరి పెద్దలకైనా అదే. తనకు మాత్రం ఇది. 'మన వాసన మనకు తెలియదు కదా, ఎదుటివారికిచ్చేది మంచిదై ఉండాలి' అనేవారు."

మాకు గుర్తుకొచ్చింది. ఈద్ రోజున వాకిట్లో నిలబడి, వచ్చిన ప్రతివారి చేతినీ తన చేతిలోకి తీసుకొని అత్తరు రాసే నాన్నగారు. సుగంధం ఇస్తే దైవప్రవక్త (స) కాదనేవారు కారని హజ్రత్ అనస్ (ర) తెలిపిన విషయం ఆయనే మాకు చెప్పారు. స్వీకరించడంలోని మర్యాదను మేము ఆ హదీసులో చూశాము. ఇవ్వడానికి అందులో ఎంత అవకాశముందో ఆయన చూశారు. మంచి సహచరుణ్ణి కస్తూరి వర్తకునితో పోల్చిన హదీసు కూడా మనకు తెలిసినదే. అతను మనకు కొంత కస్తూరి ఇస్తాడు, లేదా మనం కొనుక్కుంటాము, రెండూ కాకపోయినా పరిమళమైనా దక్కుతుంది. వీధిలో నిలిచిపోయిన ఆ పరిమళాన్ని మేము ఇన్నేళ్లూ సీసాకు ఆపాదించాము. చాచా చెప్పిన మిగతా సగం సంగతి మరిచాము.

మా ఇంటి అలమారా మాకు కళ్లముందు మెదిలింది. విదేశాల నుంచి తెప్పించుకున్న సెంట్లు మాకు. వాడి విసిగిన బట్టలు పనిమనిషికి. మీరు ప్రేమించే వాటిలో నుంచి ఖర్చు చేయనంతవరకు పుణ్యస్థాయిని అందుకోలేరన్న ఆలి ఇమ్రాన్ సూరాలోని హెచ్చరికను ఎన్నిసార్లు పారాయణం చేయలేదు!

కన్నౌజ్ సీసా ఇప్పుడు మా ఇంటి ముందుగదిలో, వచ్చినవారికి అందేచోట ఉంది. నాన్నగారి ఖాళీ సీసాను అమ్మ మళ్లీ తన పెట్టెలో దాచుకున్నది. అందులో చవక షమామా నింపి తెస్తామంటే వద్దన్నది. "నువ్వు నింపవలసింది అది కాదు" అన్నది.

అల్లాహ్ మా నాన్నగారిని మన్నించి, ఆయన సమాధిని పరిమళభరితం చేయుగాక! ఆయన ఇచ్చి వెళ్లిన దానికి తగిన సంతానంగా మమ్మల్ని తీర్చిదిద్దుగాక! ఆమీన్.