స్లాబు మీద నీళ్ళు

మీ ఇంటికి స్లాబు వేసిన రోజు ఫొటో మీ దగ్గర ఉందా? గృహప్రవేశం ఫొటోలుంటాయి, సందేహం లేదు. పాలు పొంగుతున్నప్పటిది, ఆవూ దూడా గడప దాటుతున్నప్పటిది, పుట్టింటివాళ్ళు బట్టలు పెడుతున్నప్పటిది, అన్నీ ఆల్బమ్‌లో ఉంటాయి. స్లాబు రోజుది ఉందా అని నేనడిగిన వాళ్ళలో చాలామంది కాసేపు ఆలోచించి లేదన్నారు. ఆ రోజు అలాంటిది మరి. ఇంటాయన మిల్లరు పక్కన నిలబడి సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఇల్లాలు కూలివాళ్ళందరికీ భోజనాలు సరిపోతాయో లేదో చూసుకుంటూ ఉంటుంది. మబ్బు పట్టిందంటే ఇద్దరి ప్రాణాలూ ఆకాశంలోనే. ఇక ఫొటో ఎవరికి గుర్తొస్తుంది?

నాకు గుర్తొస్తుంది. కొన్నేళ్ళుగా నా పని అదే. పనంటే ఉద్యోగం కాదు, మనసు పెట్టి చేసేది. రాతి బండ, ఉక్కు పలక, కాంక్రీటు స్లాబు ఎక్కడ కనబడితే అక్కడ ఆగి ఫొటో తీస్తాను. పొలం గట్టున పాతినవి, గని అంచున పేర్చినవి, బ్యారేజీకి బిగించినవి, మ్యూజియం గోడకు ఆనించినవి. బండలో చూడ్డానికేముంటుంది అంటారా? అదే చెప్తాను, కూర్చోండి.

ముందు పలక సంగతి. అమ్మమ్మగారింట్లో అటక మీది పాత సామాను దించుతుంటే ఒక రాతిపలక దొరికింది. చెక్క చట్రం ఒక మూల ఊడిపోయింది. పలకల ఊరంటే మార్కాపురమే కదా, ఇదీ అక్కడిదే అయ్యుంటుంది. తుడిచి కిటికీలో పెట్టాను. మధ్యాహ్నమంతా అది వట్టి నల్ల పలకే. సాయంత్రం ఐదవుతుంటే ఎండ ఏటవాలుగా వచ్చి పలకను ఒరుసుకుంటూ పోయింది. అప్పుడు కనబడ్డాయి గీతలు. బలపంతో ఒకే అక్షరం మీద మళ్ళీ మళ్ళీ దిద్దితే పడే గాడి ఉంటుందే, అది. ‘అ’ మీద ఇంకో ‘అ’. అమ్మ దిద్దిందో, మామయ్య దిద్దాడో. లోపలికెళ్ళి కెమెరా తెచ్చేలోపు ఎండ జారిపోయింది. మర్నాడు అదే వేళకి కాచుకుని కూర్చుని తీశాను.

బండల ఫొటోలకు కావలసిన చదువంతా నాకు ఆ కిటికీలోనే వచ్చింది. వెలుతురు ఎదురుగా పడితే పలక ముఖం చదునైపోతుంది. పక్కనుంచి, దాదాపు పలకను తాకుతూ రావాలి. అప్పుడు వెంట్రుకంత గీతకు కూడా నీడ పుడుతుంది. అందుకే బండల ఫొటోకి పొద్దున్నే ఒక గంట, సాయంత్రం ఒక గంట. నడిమధ్యాహ్నం కెమెరా సంచిలోనే ఉంటుంది.

తాండూరు ఎప్పుడైనా వెళ్ళారా? వికారాబాద్ జిల్లాలో ఉంది. ఊరు ఇంకా కాస్త దూరం ఉండగానే రోడ్డు పక్కన విరిగిన నాపరాళ్ళ గుట్టలు మొదలవుతాయి. గనిలోకి దిగితే నేల పూతరేకులు పేర్చినట్టు పొర మీద పొరగా కనిపిస్తుంది. ఇక్కడ ఒకప్పుడు సముద్రం. అడుగున సున్నపు బురద పేరుకుని, దాని మీద ఇంకో పొర పేరుకుని, అలా రాయి అయింది. శంఖమూ గవ్వా ఇంకా పుట్టని కాలపు సంగతి. అందుకే ఈ రాతిని పగలగొట్టనక్కర్లేదు, విడదీస్తే చాలు. యంత్రంతో పైన గళ్ళు గళ్ళుగా కోసి, పొర సందులో గునపం పెట్టి మెల్లగా ఎత్తుతారు. ఎత్తిన బండను సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటాడు పనివాడు. ఖంగుమంటే గట్టిది. మొద్దుగా మోగిందంటే లోపల ఎక్కడో పగులుంది.

ఒక పొద్దున అక్కడ అప్పుడే ఎత్తిన బండ మీద సన్నటి అలల వరసలు చూశాను. చెరువు అంచున నీళ్ళు తీసినప్పుడు బురద మీద మిగులుతాయే, అచ్చం అలాగే. ఏటవాలు ఎండలో ఒక్కో అలకూ ఒక నీడ. ఆ నీళ్ళు కదిలి ఎన్ని కోట్ల ఏళ్ళయిందో! నేను అప్పటికి ఇరవై ఫొటోలు తీసి ఉంటాను. పక్కనే ఒకావిడ బండల మీద నీళ్ళు చల్లుతోంది.

“ఏం తీస్తున్నవ్ సారూ, గా రాయిని?”

“దీని మీద అలలున్నయ్ చూడమ్మా.”

ఆవిడ వంగి చూసి, చేత్తో నిమిరి, “పాలిష్ కొడితే పోతయ్ గివి” అంది. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి బండ మీద పోసింది. బూడిద రంగు రాయి ఒక్కసారిగా నీలంగా మారిపోయింది. నాపరాయి అసలు రంగు తడిలోనే ఉందని నాకు చూపించింది ఆవిడే. తాండూరులో పసుపుపచ్చ రాయి కూడా దొరుకుతుంది, అదీ తడిస్తేనే తేనెరంగు తేలుతుంది. అప్పటినుంచి నా సంచిలో ఒక నీళ్ళ సీసా తప్పనిసరి.

పాలిష్ మాట ఎత్తాను కాబట్టి మనసులో ఉన్నది చెప్పేస్తాను. నున్నగా మెరిసే బండంటే నాకంత ఇష్టం లేదు. అది నా ముఖాన్నీ కిటికీనీ చూపిస్తుందే కానీ తనను చూపించదు. వంటగది గట్టుకు వేసే కడప నల్లబండ సంగతి వేరు, అక్కడ నునుపు కావాలి. కానీ వాకిట్లో, పెరట్లో గరుకు బండ వేయించుకున్న వాళ్ళను చూస్తే నాకు సంతోషం. వాన వెలిసిన సాయంత్రం వాళ్ళ వాకిలి చూడండి, తెలుస్తుంది.

తాండూరు చుట్టుపక్కల నాపబండల్ని నిలువుగా పాతి పొలాలకు గోడలు కట్టుకున్నారు. వాటి వెనక కంది చేను పూత మీద ఉండగా తీస్తే ఆ బూడిద రంగు పక్కన పసుపు ఎంత బాగుంటుందో. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా. సున్నపురాయి ఉన్న నేల, దాని మీద పండే పప్పు, రెండూ ఒకే ఫొటోలో. ఇంకోవైపు గ్రానైటు కడీలుంటాయి, పొలం కంచెకు, ద్రాక్ష పందిరికి పాతేవి. ఈసారి కనబడితే వాటి అంచు చూడండి. వరసగా సగం సగం గొట్టాల్లాంటి గాడులుంటాయి. రాయిని చీల్చడానికి వేసిన రంధ్రాలవి. రాయి రెండుగా విడిపోయినప్పుడు సగం ఈ కడీకి, మిగతా సగం దాని జంటకు. ఆ జంట ఎవరి పొలంలో ఉందో!

బండల్ని ఫొటో తీసే పిచ్చి నా ఒక్కడిదే అనుకోకండి. మన తెలుగు బండల కోసం కెమెరా నిలబడి నూట అరవై ఏళ్ళు దాటింది. అమరావతి స్తూపం కథ మీకు తెలిసే ఉంటుంది. పల్నాటి సున్నపురాయి పలకల మీద చెక్కిన శిల్పాలు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ మొదటిసారి అక్కడికి వెళ్ళేసరికే పలకల్ని ఇళ్ళ కట్టడాలకు ఊడదీస్తున్నారు. 1816లో మళ్ళీ వచ్చి తన చిత్రకారులతో ఒక్కో పలకనూ బొమ్మ గీయించాడు. మంచిపనే చేశాడు, ఎందుకంటే వాటిలో చాలా పలకలు తర్వాత కనబడకుండా పోయాయి. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. అన్నేళ్ళు ఉలి పట్టిన చేతుల పని బట్టీలో సున్నమైపోయిందంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ పలకలు ఇవాళ మనకు కాగితం మీద మాత్రమే ఉన్నాయి.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరు, వాటి ఫొటోలు తీశాడు. మరుసటి ఏడాదే ఆ పలకలు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. అవి సున్నపురాళ్ళే అయినా ఇంగ్లీషువాళ్ళు ‘ఇలియట్ మార్బుల్స్’ అని పేరు పెట్టుకున్నారు. లండన్‌లో కట్టడాల చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వాటిని మళ్ళీ వెలికి తీయించి, ఫొటోలతో సహా 1868లో ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ అనే పుస్తకం వేశాడు. ఇవాళ వాటిలో నూటికి పైగా పలకలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ట్రైప్ ఫొటోలు నేను పుస్తకాల్లోనే చూశాను. చూసినప్పుడల్లా నా కన్ను శిల్పం కంటే ముందు పలక అంచుకు వెళ్తుంది. విరిగిన మూల, పెచ్చు ఊడిన చోటు. ఆ రోజుకి ఆ పలక ఎలా ఉందో అలా పట్టుకున్నాడాయన.

ఇక్కడ ఒక్క మాట, కోపంగానే అంటాను. ఊళ్ళలో శాసనం రాళ్ళు ఫొటో తీయడానికి కొందరు అక్షరాల్లో సుద్దపొడి నింపుతారు, ఇంకొందరు నూనె రాస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రాయి పాడవుతుంది, తప్పు గీతకు సుద్ద రాస్తే అక్షరమే మారిపోతుంది. ఒక చిన్న అద్దం తీసుకెళ్ళండి. ఎండను పట్టి పక్కనుంచి రాతి మీదికి మళ్ళించండి. గుడి నీడలో ఉన్న రాయి మీద కూడా అక్షరాలు లేచి నిలబడతాయి. ఇంకొకరు అద్దం పట్టుకుంటే మరీ మంచిది. మా ఊళ్ళో బడిపిల్లలు పట్టుకున్నారు, పట్టుకుని ‘స్వస్తిశ్రీ’ అని మొదటి మాట వాళ్ళే చదివారు.

ఉక్కు దగ్గరికి వచ్చేసరికి నా లెక్క మారుతుంది. రాయి వెలుతురును పీల్చుకుంటుంది, కొత్త ఉక్కు విసిరికొడుతుంది. ఎండలో తీస్తే ఒకచోట తెల్లగా మండి, మిగతాదంతా నల్లబడిపోతుంది. మబ్బు పట్టిన రోజు ఉక్కుకు మంచి ముహూర్తం. విజయవాడ ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది, డెబ్భై గేట్లు. సీతానగరం వైపు నుంచి మబ్బు రోజున చూస్తే ఒక్కో గేటు మీద నీటిమట్టం ఏనాడు ఎంతవరకు వచ్చిందో గీతలు గీతలుగా కనిపిస్తుంది. బోల్టు దగ్గర మొదలైన తుప్పు కన్నీటి చారలా కిందికి దిగుతుంది. నీరు ఏ దారిన జారిందో ఆ చార చెబుతుంది.

ఉక్కు పలక అనగానే నాకు గుర్తొచ్చే ఫొటో మాత్రం నేను తీసింది కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 33 గేట్లకు గాను 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ నీటి మీద ఆశ పెట్టుకున్న కర్నూలు, అనంతపురం రైతుల గుండెల్లో రాయి పడింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యంలో, నీళ్ళు దూకుతుండగానే, స్టాప్ లాగ్‌లనే ఉక్కు పలకల్ని ఒకదాని మీద ఒకటి దించి వారం రోజుల్లో ఆ నోరు మూశారు. క్రేనుకు వేలాడుతున్న పలక, కింద నురగ, అంచున నిలబడి చేతులతో సైగ చేస్తున్న మనుషులు. పేపర్లో వచ్చిన ఆ ఫొటో కత్తిరించి దాచుకున్నాను. ఒక పలక విలువ అంత స్పష్టంగా చూపించిన ఫొటో నేను ఇంకొకటి చూడలేదు.

ఇక మన స్లాబు. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, సిమెంటు నీళ్ళను తనలో కలుపుకుని గట్టిపడుతుంది. తొందరగా ఎండితేనే ప్రమాదం. అందుకే స్లాబు వేసిన మర్నాడు పైన సిమెంటు మాలుతో చిన్న చిన్న గట్లు పోసి, నారుమడుల్లా గళ్ళు కట్టి, నీళ్ళు నింపుతారు. వారం నుంచి పద్నాలుగు రోజులు ఆ నీళ్ళు అలా నిలబడాలి. ఆ రోజుల్లో మీరెప్పుడైనా పొద్దున్నే పైకెక్కారా? ప్రతి గడిలోనూ ఒక ఆకాశం ముక్క. ఒక గడిలో మబ్బు, పక్క గడిలో నిలబెట్టి ఉన్న పిల్లరు చువ్వలు, ఇంకోదాంట్లో నీళ్ళు తాగుతున్న కాకి. గాలి వీస్తే అన్ని గళ్ళూ ఒకేసారి వణుకుతాయి. మా వీధిలో తీసిన ఇలాంటి ఫొటోలో ఒక మూల కుక్క పాదాల ముద్రలు కూడా ఉన్నాయి, పచ్చి స్లాబు మీద రాత్రి నడిచి వెళ్ళినట్టుంది.

సెంట్రింగ్ విప్పాక కింద ఇంకో బొమ్మ ఉంటుంది. చెక్క పలకలు వాడితే వాటి గీతలు, ముడులు, మేకు తలలు అన్నీ స్లాబు అడుగున అచ్చు పడతాయి. చండీగఢ్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే కట్టించిన భవనాల మీద అలాంటి అచ్చుల్ని కావాలనే దాచకుండా వదిలేశారు. 2016లో వాటిలో కొన్నిటికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది, ఎక్కడెక్కడి వాళ్ళో చూడ్డానికి వస్తారు. మన ఇళ్ళలో అవే గీతలు ప్లాస్టరింగ్ మేస్త్రి వచ్చేదాకానే ఉంటాయి. ఇప్పుడు ఇనుప రేకుల సెంట్రింగ్ వచ్చాక గీతలు తగ్గి, రేకుల అతుకులు కనబడుతున్నాయి. ప్లాస్టరింగ్ చేయొద్దని నేను చెప్పను. దానికి ముందు ఒక్క ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కప్పు కిందే కదా మీ పిల్లలు పెరగబోయేది.

మా వీధి చివర పోయిన సోమవారం స్లాబు పడింది. మేస్త్రిని అడిగి పెట్టుకున్నాను. “రండి సార్, కానీ గట్ల మీద కాలు వెయ్యొద్దు, చెప్పులు కింద వదిలేసి ఎక్కండి” అన్నాడు. రేపు పొద్దున ఐదున్నరకి ఎక్కుతున్నాను. మీ ఇంటి దగ్గర ఎవరైనా సెంట్రింగ్ కొడుతుంటే నాకు కబురు చెయ్యండి.