బొబ్బిలి స్తంభం నీడలో

మా గజపతినగరం విజయనగరానికీ బొబ్బిలికీ నడుమనున్న ఊరు. నాన్నగారి బంధువులు విజయనగరం వైపు, అమ్మ పుట్టిల్లు బొబ్బిలి వైపు. అందుచేత మా ఇంట బొబ్బిలి యుద్ధం చరిత్రపాఠం కాదు, పండుగనాటి వాదం.

మొన్న మేనమామగారింట శుభకార్యానికి వెళ్ళి, చాలా ఏళ్ళకు ఆ యుద్ధస్తంభం దగ్గరకు నడిచాను. బొబ్బిలి మహారాజావారు 1891లో నిలబెట్టించిన స్తంభమది. చుట్టూ మేకలు మేస్తున్నాయి. నీడపట్టున కూర్చున్నాను.

1757 జనవరి 24న ఇక్కడ కోట కూలింది. పూసపాటి విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చాడు. కోట దక్కదని తెలిశాక లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొని, కత్తులతో పోరాడి నేలకొరిగారు. మూడవనాటి రాత్రి తాండ్ర పాపారాయుడు గుడారంలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. ఆపైన ఎవరు గెలిచినట్టు? మరుసటి ఏడే, 1758 డిసెంబరులో, విజయనగరం వారు పిలిచిన ఆంగ్లేయులు చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించారు. 1794 జూలై 10న పద్మనాభంలో విజయనగర ప్రభువే ఆ ఆంగ్లేయుల కంపెనీ సేనలతో పోరి మరణించాడు. ఇరుగుపొరుగుల పగ మూడవవాడికి బాట వేసింది.

ఇంతకీ తగవు దేనికి? బొబ్బిలివారు తన సీమలోని వాగుల నీళ్ళు మళ్ళించుకుంటున్నారన్నది విజయరామరాజు ఫిర్యాదుల్లో ఒకటని రాబర్ట్ ఓర్మ్ తన చరిత్రలో రాశాడు. అది గుర్తుకు రాగానే నాకు ముఖం చెల్లలేదు. చెరువు తూము కింద ఎవరి మడి ముందు తడవాలన్న మాట మీద నేనూ మా తమ్ముడూ మూడేళ్ళుగా పలకరించుకోవడం లేదు.

ఓర్మ్ మరొక సంగతి కూడా చెప్పాడు. కోటలో అందరూ చచ్చిన వేళ, ఒక ముసలివాడు రంగారావు పసికొడుకును తెచ్చి ఫ్రెంచి అధికారికి అప్పగించాడట. తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా ఈ బిడ్డను కాపాడానన్నాడట. నేను విన్న బుర్రకథలో పాపారాయుడి కత్తికి చప్పట్లు మోగాయి, ఆ ముసలివాడి ఊసే లేదు. కానీ వంశం నిలిచింది ఆ ఒక్కడు ఆజ్ఞ మీరినందువల్లనే. పౌరుషానికి తలవంచని ధైర్యం కూడా ఒకటుందని, దానికి స్తంభాలు లేవని ఆ నీడలో నాకు తోచింది.

సాయంత్రం బండి దిగి ఇంటికి పోకుండా తమ్ముడి గుమ్మం ముందు నిలిచాను. "ఈసారి తడి ముందు నీదేరా" అన్నాను. వాడు తల ఎత్తలేదు. మరదలు మాత్రం "కూర్చోండి బావగారూ" అని మంచినీళ్ళు తెచ్చింది.

కూర్చున్నాను. చాలాసేపటికి వాడు, "అమ్మ వైపు వాళ్ళు కులాసాయేనా?" అని అడిగాడు.