పత్తర్‌గట్టి కమానుల కింద

నాయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడు. 1970లలో, బడికి సెలవులొస్తే నేనూ ఆయన వెంట పోయేవాణ్ణి. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, నయాపూల్ మీద మూసీ దాటి, మదీనా చౌరస్తా మీదుగా నడిచేవాళ్లం. అక్కడి నుంచి చార్మినార్ వైపు రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానులే. వాటి కింది వరండాలో పడితే ఎండా వానా తగలకుండా దుకాణం చేరేవాళ్లం.

అత్తరు దుకాణం పెద్దాయన "ఇధర్ ఆవ్ బేటా" అని పిలిచి ముంజేతికి ఖస్ అత్తరు రాసేవాడు. ఆ వాసన సాయంత్రం దాకా ఉండేది. పెళ్లి బట్టలకని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మూటలు దించుకుని, రాతి స్తంభాలకు ఒరిగి సద్ది విప్పేవాళ్లు. వాళ్లను లెమ్మన్న దుకాణదారుణ్ణి నేను చూడలేదు.

ఆ రాళ్ల వెనక ఒక పెద్ద కష్టం ఉందని మా తాత చెప్పేవాడు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో పెద్దలు 'తుగ్యానీ' అని తలచుకుని భయపడేవారట. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద అది. నగరంలో వేల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు గల్లీలను సవరించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త బజార్లు కట్టింది. పత్తర్‌గట్టి ఆ పనుల్లో ఒకటి. గ్రానైట్ రాతి కట్టడం, కింద దుకాణాలు, పైన గదులు, ముందు అందరూ నడిచే వరండా.

కట్టినవాళ్ల వివేకం నాకు పెద్దయ్యాకే అర్థమైంది. ముందుకు పోతే మచిలీ కమాన్, గుల్జార్ హౌజ్, ఆపైన 1591 నాటి చార్మినార్. మూడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఈ బజారు ఆ పాత కమానుల రూపాన్నే తీసుకుంది, ఎత్తులో మాత్రం వాటితో పోటీ పడలేదు. అందుకే రోడ్డు మధ్య నిలబడితే చూపు నేరుగా చార్మినార్‌కు చేరుతుంది.

ఇప్పుడు చాలాచోట్ల కమానుల మీద బోర్డులు, కేబుళ్లు, వరండాల్లో సరుకు. దుకాణదారులకు నా మనవి ఒక్కటే: బోర్డు కమాను కిందికి దించండి, వరండా నడిచేవాళ్లకు వదలండి. ఆ నీడ బాటసారుల కోసమే కట్టింది.