అక్షరములు మ్రింగిన గోడ

తప్పు చేసినవారెవరో తెలియకమునుపే శిక్ష విధించిన తీర్పరిని నేను. శిక్ష పొందినది తొమ్మిదేండ్ల నా మనుమరాలు. తప్పు చేసినది మా యింటి గోడ. దానికి తోడు ఒక ఇనుప బీరువా. ఈ సంగతి నాకు తెలిసివచ్చుటకు నాలుగు వారములు పట్టినది. ఇట్టి తీర్పులు మరికొన్ని యిండ్లలోను జరుగుచుండు ననుమానముతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేము చెన్నపట్టణమున మైలాపూరులో పెద్దలు కట్టించిన మిద్దెయింట నున్నాము. మా అమ్మాయి కుటుంబము అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడినది. ప్రతి ఆదివారము ఉదయము ఆరు గంటలకు, అనగా చలికాలమున వారికి శనివారము రాత్రి ఏడున్నరకు, మనుమరాలికి ఒక తెలుగు పద్యము చెప్పుట మా నియమము. ఇంట తల్లిదండ్రులు మాట్లాడు నాలుగు మాటలు తప్ప ఆ బిడ్డకు తెలుగుతో నున్న సంబంధ మంతయు ఆ అరగంటయే. వేమన పద్యములు ముప్పది వరకు కంఠస్థము చేసినది.

కార్తిక మాసమున వానలు పట్టినవి. ఆ దినములలోనే పద్యము విరుగుట మొదలైనది. మొదటి పాదము చక్కగా వినబడును, రెండవ పాదమున రెండక్షరములు మాయమగును, బొమ్మ నిలిచిపోవును, మరల నాలుగవ పాదము వినబడును. “అక్షరాలు మింగుతున్నావు తల్లీ, నోరారా చెప్పు” అంటిని. ఆమె మరల చెప్పెను. మరల రెండక్షరములు పోయినవి. మూడవ ఆదివారము నా సహనము నశించి, “శ్రద్ధ లేనప్పుడు ఈ శ్రమ ఎందుకమ్మా? పోయి ఆడుకో” అంటిని. తెరమీద ఆమె ముఖము కన్ను సగము మూసి అట్లే నిలిచిపోయినది. అది ఏడ్పో, యంత్రము నిలిపిన బొమ్మయో నాకు తెలియలేదు.

మరు వారము ఆమె రాలేదు. అమ్మాయి మాత్రము కనబడి, “నాన్నగారూ, తను ఎంత బాగా చెప్పినా తాతయ్యకు నచ్చదంట. ఇంక తెలుగు వద్దంటోంది” అనెను. కొంతసేపటికి, మందలించుట కిష్టము లేనిదానివలె, బిడ్డ గొంతుతో నింపిన ఒక శబ్దపు ముక్కను నాకు పంపినది. చెవి యొగ్గి వింటిని. ఒక్క అక్షరమును పోలేదు. ఆటవెలదికి బేసి పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. సరి పాదములలో అయిదును సూర్యగణములే. వ్రేళ్ళు మడచి లెక్కించితిని. గణము గణమును నిలిచియున్నది.

అప్పుడు నాకు తట్టవలసినది తట్టినది. మనిషి మరచిన అక్షరము ప్రతిసారి ఒకే చోట పోవును. ఈ అక్షరములు ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట పోయినవి. తప్పు నోటిది కాదు, దారిది.

మా పొరుగింట ఇంజనీరింగు చదువుచున్న తెలుగు కుర్రవా డొకడు కలడు. వానిని పిలిచితిని. పంపిన ముక్క చక్కగా వచ్చి, ఎదుట చెప్పిన పద్యమేల విరిగినదని అడిగితిని. అతడు చెప్పిన మాట స్పష్టముగా నుండెను: “తాతగారూ, మాట చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. దాచి పంపినదైతే, పోయిన పొట్లాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకోవచ్చు. ఆలస్యమైనా నష్టం లేదు. ఎదురెదుట మాట్లాడేటప్పుడు ఆగడానికి వీల్లేదు. ఆలస్యంగా వచ్చిన పొట్లాన్ని పారెయ్యవలసిందే.” ఆ పారవేసిన పొట్లములలోనే నా మనుమరాలి అక్షరములు పోయినవి.

అంతకు మునుపే నేను కనెక్షను ఇచ్చినవారిపై కోపించి ఫిర్యాదు చేసియుంటిని. వారి మనిషి వచ్చి చూచి, “లైను బాగానే ఉంది సార్” అని పోయెను. తప్పించుకొన్నా డనుకొంటిని. అతడు చెప్పినది నిజమే. పొరుగింటి కుర్రవాడు రౌటరునకు తీగతో తన కంప్యూటరును తగిలించి కొలిచెను. మేము సెకనుకు 100 మెగాబిట్లకు డబ్బు కట్టుచున్నాము, 92 వచ్చినవి. తీగ తీసి, హాలులో గాలిలోనే కొలిచిన 40. నేను కూర్చుండు చదువు గదిలో 3. “మాటకు, బొమ్మకు మూడు చాలవా?” అంటిని. “సగటు చాలుతుంది తాతగారూ. నడుమ నడుమ సున్నా అవుతోంది” అనెను.

ఈ లెక్క నన్ను చకితుని చేసినది. మన చెన్నపట్టణపు తీరమున సముద్రగర్భపు తంతులు వచ్చి చేరుచున్నవి. 2002లో సింగపూరునుండి వేసిన ఐటూఐ, 2005లో ఫ్రాన్సు వరకు సాగిన సీ-మీ-వీ-4 అట్టివి. ఇట్టి తంతులలో వెలుగు రూపమున ప్రయాణించి, వేల మైళ్ళ సముద్రము దాటివచ్చిన బిడ్డ మాట, మా హాలునుండి చదువు గదికి నలుబది అడుగులు దాటలేకపోయినది!

ఆపై కుర్రవాడు మంచి వైద్యుని వలె ఒక్కొక్క మందునే ఇచ్చి నాడి చూచెను. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో ఏది గుణమిచ్చినదో తెలియదనుట అతని సూత్రము. మొదట రౌటరును ఆపి మరల వెలిగించెను, గుణము లేదు. పిదప గాలిలో నున్న రద్దీని చూపెను. మా పాత యింటి చుట్టును అపార్టుమెంటులు లేచినవి. వారి రౌటరులన్నియు 2.4 గిగాహెర్ట్జుల ఇరుకు వీధిలోనే నడచుచున్నవి. ఆ వీధిలో ఒకదాని నొకటి తాకక నడువగల వరుసలు 1, 6, 11 అను మూడే. ఒక వరుసలో నున్నవారందరును ఒకరి తరువాత నొకరు మాట్లాడవలసినదే. సభలో ఇతరుడు మాట్లాడునంతసేపు మన మూరకుండునట్లే, ఈ యంత్రములును విని, ఖాళీ చూచుకొని మాట్లాడును. పొరుగువారిలో పెక్కండ్రు ఆరవ వరుసలో నుండిరి. మమ్ము పదునొకండవ దానికి మార్చెను. కొంత మేలు కలిగెను.

ఉదయము ఆరు గంటలకే కీడేల హెచ్చునని వెదకగా, ఆ వేళనే మా కోడలు కాఫీకి పాలు మైక్రోవేవు ఓవెనులో కాచునని తేలెను. ఆ పొయ్యియు 2.45 గిగాహెర్ట్జుల దరిదాపులలోనే పనిచేయును. దానినుండి వెలువడు కొద్దిపాటి తరంగమే ఈ సున్నితపు మాటలకు కేకవంటిది. ఆ అరగంట పాలు గ్యాసు పొయ్యికి మారినవి. 5 గిగాహెర్ట్జుల విశాలమైన వీధికి పోయి చూచితిమి. హాలులో వేగము బ్రహ్మాండము. చదువు గదిలో శూన్యము. తరంగపు పొడవు తగ్గినకొలది గోడలు దానిని ఎక్కువగా అడ్డగించును.

అప్పుడుగాని మా దృష్టి గోడమీదికి పోలేదు. చదువు గది ఒకప్పుటి వరండా. నడుమనున్నది పూర్వపు వెలిగోడ. ఇటుక, సున్నముతో ఒకటిన్నర అడుగు మందమున కట్టినది. కార్తికపు వానకు చెమ్మగిలియున్నది. నీరు ఈ తరంగములను హరించును. ఆ గోడకు ఆనించి మా తాతగారినాటి ఇనుప బీరువా. లోహము తరంగమును లోనికి పోనీయక వెనుకకు త్రిప్పును. రౌటరును అందముగా నుండునని ఆ బీరువా ప్రక్కనే, క్రింది అరలో పెట్టినవాడను నేనే!

నా చిన్ననాట పెద్దలు రేడియో వినుటకు మిద్దెమీద రెండు కొయ్యలు పాతి తీగ కట్టెడివారు. ఈ నగరమున 1924లోనే మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు ప్రారంభించినది. పిమ్మట 1930లో కార్పొరేషనువారును, 1938లో ఆకాశవాణియు ఆ పని చేపట్టిరి. ఆనాటివారు ధ్వని సరిగా రానిచో గాలిని నిందింపలేదు. తీగ ఎత్తు పెంచి చూచిరి. 2005లో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జుల తక్కువ శక్తి పరికరములకు లైసెన్సు తొలగించినది. నాటినుండి ఇంటింట నొక చిన్న ప్రసార కేంద్రము వెలసినది. కేంద్రము నడుపువారికి మాత్రము దానిని ఎచ్చట నిలుపవలెనో తెలియదు. అట్టివారిలో నేనొకడను.

రౌటరును బీరువా చాటునుండి తీసి, ఎత్తైన గూటిలో పెట్టితిమి. 3 మెగాబిట్లు 11 అయినవి. నడుమ నొక రిపీటరు పెట్టుమని కొంద రనిరి. ఒకే రేడియోతో వినుచు, మరల చెప్పుచునుండు చౌక పెట్టెలలో వేగము సుమారు సగమగునని కుర్రవాడు వలదనెను. తుదకు కిటికీ చట్రము వెంట ఒక ఈథర్నెట్ తీగ లాగి, చదువు గదిలో రెండవ పెట్టె నమర్చెను. నూరు మీటర్ల వరకు ఆ తీగ నిశ్చింతగా పనిచేయును. మాకు పదునెనిమిది మీటర్లు చాలినది. తంతి లేని వార్తకు తుది మందు తంతియే యైనది.

మరుసటి ఆదివారము నేనే ముందుగా పిలిచితిని. మనుమరాలు తల్లి వెనుక నిలిచియుండెను. “తప్పు నాది తల్లీ. నువ్వు అక్షరాలు మింగలేదు, మా గోడ మింగింది” అని జరిగినదంతయు చెప్పితిని. ఆమె మెల్లగా ముందుకు వచ్చి, “అయితే గోడని తిట్టావా తాతయ్యా?” అని అడిగెను.

“లేదమ్మా, గోడ తన పని తాను చేసింది. వినకుండా తిట్టినవాణ్ణి నేనే.”

ఆమె కొంచె మాలోచించి, పద్యము మొదలుపెట్టెను. నాలుగు పాదములును నిండుగా వచ్చినవి. రెండవ పాదమున మాత్రము ఒక హ్రస్వమును దీర్ఘము చేసినది. మరల చెప్పించితిని, అచ్చటనే దీర్ఘమైనది. ఈసారి తప్పు ఆమెదే. దారిదికాని, గోడదికాని కాదు. నాకు ఎన్నడును లేని సంతోషము కలిగెను. నవ్వుచు సరిదిద్దితిని, ఆమెయు నవ్వుచు మూడవసారి చెప్పినది.