నల్లబడితే ఏమిటట?

మొన్న ఆదివారం మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోని పార్కులో మనవాళ్లలో ఒకావిడ కూతురి మొహానికి సన్‌స్క్రీన్ రాస్తూ, "కదలకే, నల్లబడిపోయావంటే ఇండియాలో అందరూ నన్నంటారు" అంది. ఆ పిల్ల ఇంకా పాల పళ్లయినా ఊడని పసిది. వాళ్ల అబ్బాయి మాత్రం టోపీ లేదు, క్రీమూ లేదు, నడినెత్తిన ఎండలో బంతి వెంట పరిగెడుతున్నాడు. వాణ్ణి పిలిచినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండిపోయింది.

మెల్‌బోర్న్ ఎండకి భయపడాల్సిందే, కాదనను. చర్మ క్యాన్సర్ బాగా ఎక్కువున్న దేశాల్లో ఆస్ట్రేలియా ఒకటి. అందుకే 1981లోనే సిడ్ అనే సీగల్ పక్షి బొమ్మతో టీవీలో పాట పాడించి మరీ నేర్పారు: చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని. 2007లో నీడనీ, చలవ కళ్లద్దాలనీ కలిపారు. మా పాప బళ్లో టోపీ లేకపోతే ఆట లేదు. క్రికెట్ టోపీ ఒప్పుకోరు, చెవులూ మెడా కప్పే అంచు ఉండాలి. అతినీలలోహిత కిరణాల (యూవీ) సూచిక 3కి చేరిందా, జాగ్రత్త మొదలు. ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఒకటే నియమం. ఏ టీచరూ రంగు ఊసెత్తగా నేను వినలేదు. ఈ దేశంలో నాకు చాలా నచ్చినవాటిలో ఇదొకటి.

అలాగని ఎండ సంగతి మనకి తెలియదంటే ఊరుకోను. మిట్టమధ్యాహ్నం బీచిలో ఒళ్లు ఆరేసుకునే మనుషుల్ని నేను ఇక్కడే చూశాను. మా గుడివాడలో పది దాటితే తలమీద తువ్వాలు లేకుండా ఎవరూ గడప దాటరు. కాకపోతే మన ఎండ చెమటతో, ఉక్కతో ముందే చెప్పి కొడుతుంది. ఇక్కడ అక్టోబరులో చల్లగాలి వీస్తుంటుంది, 20 డిగ్రీలు కూడా ఉండదు, యూవీ మాత్రం 7 దాకా పోతుంది. వేడిని బట్టి దాన్ని పోల్చుకోలేం.

వేసవి సెలవుల్లో అమ్మమ్మ మమ్మల్ని మధ్యాహ్నం లోపల పడుకోబెట్టి తలుపు గడియ పెట్టేది. నాకు వడదెబ్బ భయం చెప్పేది. చామనఛాయ అక్కకి మాత్రం నల్లబడతావనే చెప్పేది. సెలవులయ్యేసరికి శనగపిండిలో పెరుగు కలిపి అక్క మోచేతులు మండేదాకా రుద్దేవారు. పిండి రాలిన చోట చర్మం ఎర్రగా కమిలి కనిపించేది. ఎండనుంచి కాపాడుతున్నామనుకున్న చేతులే అలా కమిలేలా చేశాయి. అక్క ఇప్పటికీ ఫోటో అంటే వెనక్కి వెళ్లి నిలబడుతుంది.

మన ఒంటి ఛాయ కొంత కాపు కాస్తుంది, పూర్తిగా కాదు. కమిలినా తెల్లవాళ్లకి కనబడినట్టు కనబడదు, కళ్లకి హాని ఎవరికైనా జరగొచ్చు. ఇంకో వైపు, మనలాంటివాళ్లకి విటమిన్ డి తయారవడానికి వాళ్లకంటే ఎక్కువ ఎండే కావాలి. నల్లబడతారన్న భయంతో చలికాలం కూడా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడితే అదీ దక్కదు. అసలు కారణం క్యాన్సర్ అని, కళ్లని, కమలడమని చెప్పొచ్చుగా? పిల్లలకి అర్థమవుతుంది. మా పాపకి అర్థమైంది. బయటికెళ్లే ఇరవై నిమిషాల ముందు తనే రాసుకుంటుంది, చెవుల వెనక మర్చిపోదు, ఈతకొలనులో రాషీ అనే పొడుగు చేతుల ఈత చొక్కా లేకుండా దిగదు. జింక్ క్రీము మొహాన తెల్లగా తేలితే "అబ్బ, ఎంత తెల్లగా ఉన్నావో" అని మెచ్చుకునే ఆంటీలతోనే నాకు తంటా. ఆ మెప్పు కూడా అదే తిట్టు.

డిసెంబరులో ఊరికెళ్తున్నాం. పాప ముందు "నల్లబడతావు" అన్న మాట అనొద్దని అమ్మకి ఫోన్లో చెప్పాను. "మంచికేగా అనేది" అంది. మంచికి కాదమ్మా, అక్కని అడుగు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి టోపీ పెట్టుకోమని చెప్పొచ్చా?" అంది. చెప్పు, పక్కింటి మగపిల్లలకీ చెప్పు అన్నాను.