ఎవరి లెక్క వాళ్లది

స్త్రీ అనే మాటలో ఎన్ని అక్షరాలున్నాయని ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగినా ఒకటేనంటాడు. అదే ప్రశ్న సర్వరులో ఉన్న పీహెచ్‌పీని అడిగి చూడండి. స్ట్ర్‌లెన్ అనే ఫంక్షన్ 18 అంటుంది. ఎంబీ స్ట్ర్‌లెన్ అనేది 6 అంటుంది. బ్రౌజరులోని జావాస్క్రిప్టు కూడా 6 దగ్గరే నిలబడుతుంది. గ్రాఫీములు, అంటే చదివేవాళ్లకు ఒక్కటిగా కనబడే అక్షరాలు, లెక్కపెట్టే ఇంకో ఫంక్షన్ ఉంది. సర్వరులోని యూనికోడ్ లైబ్రరీ పాతదైతే అది 3 అని, కొత్తదైతే 1 అని చెబుతుంది.

వీళ్లలో అబద్ధమాడినవాళ్లు ఎవరూ లేరు. యూనికోడ్ దృష్టిలో స్త్రీ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: మొత్తం 6 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి కాబట్టి 18. స్, త్, రీ అని విడగొట్టి చూసిన పాత నిబంధన ప్రకారం 3 ముక్కలు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో ఆ నిబంధన మారింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో విరవకూడదని అప్పుడు తేల్చారు. అంటే మన ఒకటో తరగతి పిల్లవాడి జవాబును ప్రమాణాల సంఘం ఒప్పుకోవడానికి, తెలుగు యూనికోడ్‌లోకి వచ్చాక, ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

వెబ్ డెవలపర్ పనిలో జీతం కాని ఆదాయం ఇలాంటి సంగతులే. వీటిని ఎవరూ వెతుక్కుంటూ పోరు. వేరే పనేదో చేస్తుంటే కాలికి తగులుతాయి. తగిలిన ప్రతిసారీ తేలేది ఒకటే: యంత్రం తన లెక్క తాను శుభ్రంగా కట్టింది, మనం వేరే లెక్కలో ఉన్నాం. ఎవరి లెక్క ఎక్కడ విడిపోయిందో పట్టుకోవడమే మా వృత్తిలో సగం పని. తెలుగులో వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు ఈ తగిలే రాళ్లు ఇంకొంచెం ఎక్కువ. ఇంగ్లీషులో అక్షరమూ బైటూ ఒకటే కాబట్టి, అక్కడ ఏళ్ల తరబడి కనబడకుండా దాక్కున్న తప్పు తెలుగు ఎక్కించిన మొదటి రోజే బయటపడుతుంది.

ఒక పత్రిక సైటు ఉందనుకోండి. మొదటి పేజీలో వ్యాసాల పరిచయ వాక్యాలను 100 దగ్గర కోసి చుక్కలు పెట్టాలి. కోసే ఫంక్షన్ బైట్లు లెక్కపెట్టేదైతే, మాటల మధ్య ఖాళీలను పక్కన పెడితే, 33 సంకేతాలు బాగానే వస్తాయి, 34వ దానిలో మూడో వంతు మాత్రమే మిగులుతుంది. ఆ ముక్కకు అర్థం లేదు కాబట్టి బ్రౌజరు దాని చోట నల్లటి పలకలో ప్రశ్నార్థకం గీస్తుంది. ఇది నయం, కనీసం కంటికి కనబడుతుంది. అదే విరిగిన వాక్యాన్ని మొబైల్ యాప్ కోసం జేసన్‌గా మార్చమంటే, పీహెచ్‌పీ గొడవ చేయకుండా ‘ఫాల్స్’ అని తిరిగి ఇచ్చి ఊరుకుంటుంది. దాన్ని అచ్చేస్తే ఏమీ రాదు. యాప్‌లో పేజీ తెల్లగా వస్తుంది, లాగుల్లో ఎర్రర్ ఉండదు. అరిచే ఎర్రర్ మంచిది. మౌనంగా ఉండే ఎర్రరుతోనే ఆదివారాలు పోతాయి.

మౌనం అంటే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు గుర్తొస్తుంది. దాని దగ్గర యూటీఎఫ్8 అనే పేరుతో చాలాకాలం ఉన్నది పూర్తి యూటీఎఫ్-8 కాదు. ఒక్కో సంకేతానికి 3 బైట్ల దాకానే చోటిచ్చే కురచ రకం. తెలుగుకు అది సరిగ్గా సరిపోతుంది, అందుకే మనవాళ్లెవరికీ అనుమానం రాలేదు. ఇమోజీలు చాలావరకు 4 బైట్లవి. 2010లో 5.5.3 వెర్షనుతో యూటీఎఫ్8ఎంబీ4 అని అసలు సిసలుది వచ్చింది, 2018లో 8.0 వచ్చాక గానీ అది డిఫాల్టు కాలేదు. ఈలోగా కట్టిన డేటాబేసులు ఇంకా ఎన్నో చిన్న హోస్టింగుల్లో నడుస్తూనే ఉన్నాయి.

గోదావరి జిల్లాల్లో కాజాలు అమ్మే ఒక దుకాణం సైటు ఇలాంటి పాత హోస్టింగులోనే ఉండేది. యజమాని ఫోన్ చేసినప్పుడల్లా ఒకే మాట: “మన కస్టమర్లు దేవుళ్లండీ. అందరూ మెచ్చుకునేవాళ్లే, ఒక్కళ్లూ వంకపెట్టరండీ.” సర్వరు మార్చే పని మీద పాత డేటా తిరగేస్తుంటే ఒక విచిత్రం కనబడింది. కొనుగోలుదారుల అభిప్రాయాలు చాలావరకు వాక్యం మధ్యలోనే ఆగిపోయాయి, ఆగిన ఏ చోటా ఫుల్‌స్టాపు లేదు. కారణం చిన్నది. కఠిన నియమాలు పెట్టని పాత మైఎస్‌క్యూఎల్‌కు 4 బైట్ల సంకేతం తగిలితే, దాన్నీ దాని వెనకున్నదాన్నంతటినీ కోసేసి, ముందున్నది మాత్రం దాచుకుని, ఒక హెచ్చరికను ఎవరూ చూడని చోట రాసుకుంటుంది. మన జనం మర్యాదస్తులు. “కాజాలు చాలా బాగున్నాయండీ” అని, రెండు చేతుల దండం ఇమోజీ పెట్టి, ఆ తర్వాతే “కానీ పెట్టె సగం ఖాళీగా వచ్చింది” అని రాస్తారు. పొగడ్తలు డిస్కు మీద నిలిచాయి, తగాదాలన్నీ దండం దగ్గరే కొట్టుకుపోయాయి. సర్వరు మార్చిన వారంలో యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. “ఈ కొత్త సర్వరొచ్చాక జనం మారిపోయారండీ” అన్నాడు. నిజానికి ఆ పాత అమరికను మించిన మార్కెటింగు సాఫ్ట్‌వేర్ నేను ఇంతవరకూ చూడలేదు.

సాఫ్ట్‌వేర్ అన్నాను కదా, ఆ మాటలోనే ఇంకో గమ్మత్తుంది. ట పొల్లు తర్వాత వ వస్తే ఫాంటు దాన్ని కిందికి లాగి వత్తు చేసేస్తుంది. అలా కాకుండా విడిగా నిలబెట్టాలంటే మధ్యలో కంటికి కనబడని సంకేతమొకటి పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, వెడల్పు సున్నా. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ఒకే మాటను ఇద్దరు టైపు చేస్తే ఒకరిది మరొకరికి సెర్చిలో దొరకదు. వత్తు పడిన రూపం కనీసం తేడాగా కనబడుతుంది. పదం చివర పొల్లు తర్వాత ఈ అదృశ్య సంకేతం అంటుకుని ఉంటే మాత్రం రెండు మాటలూ కంటికి అచ్చంగా ఒకేలా ఉంటాయి, యంత్రానికి వేరువేరు. సెర్చి కోసం దాచే నకలులో దాన్ని తీసేసి, చూపించే ప్రతిలో ఉంచడమే దీనికి నేనెరిగిన మందు.

ఈ సున్నా వెడల్పు సంకేతమే 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. జ, పొల్లు, ఞ, ఆ కనబడనిది, ఆపైన దీర్ఘం: ఈ వరసలో ఒక సందేశం వస్తే చాలు, ఐఫోనులో దాన్ని చూపించే యాప్ కూలిపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. యాపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో చాలా పేపర్లు ‘ఐఫోన్లను పడగొట్టిన తెలుగు అక్షరం’ అన్నట్టు రాశాయి. అక్షరం చేసిన పాపమేమీ లేదు. గీయడానికి కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఈ వరస వస్తుందని ఊహించలేదు, అంతే.

అన్నీ తలనొప్పులే కావు, అప్పుడప్పుడు ఉచితంగా ఆనందాలూ దొరుకుతాయి. యూనికోడ్‌లో దేవనాగరి అకారం సంఖ్యకు 768 కలపండి, తెలుగు అ వస్తుంది. క కూ అంతే, మ కూ అంతే. దానికి ఇంకో 128 కలిపితే కన్నడం. అంతకుముందే మన దేశంలో తయారైన ఇస్కీ ప్రమాణంలో ప్రధాన భారతీయ లిపులను ఒకే వరసలో పేర్చారు, యూనికోడ్ ఆ వరసను దాదాపు అలాగే తీసుకుంది. అందువల్ల రైల్వే స్టేషన్ పేర్ల జాబితా ఒకటి హిందీలో ఉంటే, ఒక కూడికతో తెలుగు లిపిలోకి తేవచ్చు. అక్కడక్కడా చేత్తో దిద్దుకోవాలి గానీ మొదటిసారి ఆ జాబితా ఒక్క క్షణంలో లిపి మార్చుకోవడం చూస్తే, మన బళ్లో అక్షరమాల వర్గాలుగా ఎందుకు చెప్పారో అప్పుడు తెలుస్తుంది.

అక్షరాల తర్వాత నన్ను ఎక్కువ ఆడించింది కాలం. సర్వర్లు సాధారణంగా యూటీసీలో, అంటే గ్రీనిచ్ లెక్క కాలంలో, బతుకుతాయి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, కాకినాడ దగ్గరి నుంచి పోయే గీత అది. తేడా ఐదున్నర గంటలు. ఆ అరగంటే లేకపోతే మా బతుకు ఇంకొంచెం తేలికయ్యేది. అర్ధరాత్రి 12కు బ్యాకప్ తియ్యమని, వేళకు పనులు నడిపించే క్రాన్‌లో రాస్తే, అది మనకు తెల్లవారుజామున 5:30కు, సుప్రభాతం వేళకు మొదలవుతుంది. పండగ తగ్గింపు ధరలు అర్ధరాత్రి నుంచి అని ప్రకటించిన దుకాణంలో పొద్దున ఐదున్నర దాకా పాత ధరలే ఉంటాయి. క్యాలెండరులో 15 ఆగస్టు నొక్కితే డేటాబేసులో 14 ఆగస్టు 18:30 అని పడుతుంది. సమయం కోసేసి తేదీ మాత్రమే చూపించే పేజీలో పుట్టినరోజు ఒకరోజు వెనక్కి జరుగుతుంది. గ్రీనిచ్ లెక్కలో మనకు స్వాతంత్ర్యం వచ్చింది కూడా 14వ తేదీ సాయంత్రమే కదా అని సర్ది చెప్పుకోవచ్చు గానీ, పాస్‌పోర్టు ఆఫీసులో ఆ మాట చెల్లదు.

ఖాళీ తేదీల సంగతి ఇంకా తమాషా. యూనిక్స్ కాలం సెకన్ల లెక్క, 1970 జనవరి 1న సున్నాతో మొదలవుతుంది. తేదీ లేని చోట సున్నా పడితే, మన దేశంలో అది ‘1970 జనవరి 1, ఉదయం 5:30’గా దర్శనమిస్తుంది. ఎక్కడైనా ఆ సమయం కనబడితే జాతకం చూడనక్కరలేదు, అక్కడ ఎవరూ ఏమీ పూరించలేదని అర్థం. ఆ లెక్కను 32 బిట్లలో దాచుకునే పాత ప్రోగ్రాములకు 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8:44:07తో గడువు తీరిపోతుంది.

క్రాన్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ‘నెలలో మొదటి ఆదివారం’ కావాలని, తేదీ గడిలో 1 నుంచి 7, వారం గడిలో ఆదివారం రాస్తే రెండూ కుదిరిన రోజునే నడుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అది మొదటి ఏడు రోజులూ నడుస్తుంది, ఆపైన ప్రతి ఆదివారమూ నడుస్తుంది. రెండు గడులూ నింపితే ఏది కుదిరినా సరే అన్నది దాని నియమం. మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉంది. మాన్యువల్ అనేది పని చెడ్డాక చదివే గ్రంథం.

ఇక డిస్కు. 40 జీబీ డిస్కు మొత్తం నిండిపోయిందని డీఎఫ్ కమాండ్ అంటుంది. ఫైళ్లన్నీ కూడితే 12 జీబీ కూడా లేవని డీయూ అంటుంది. ఇక్కడా ఇద్దరిదీ నిజమే. లినక్సులో ఫైలును చెరిపేయడమంటే ముందు దాని పేరు చెరిపేయడమే. ఏ ప్రోగ్రామైనా దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా లోపలి సరుకు డిస్కు మీదే ఉంటుంది. పెద్ద లాగు ఫైలును ఎవరో చెరిపేశారు, రాస్తున్న వెబ్ సర్వరుకు ఆ కబురు తెలియదు, పేరు లేని ఫైలులోకి అది రాస్తూనే ఉంది. డీయూ పేర్లు చూసి కూడుతుంది, డీఎఫ్ నిండిన చోటు చూస్తుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ అలాంటి ఫైళ్ల పక్కన ‘డిలీటెడ్’ అని రాసి చూపిస్తుంది.

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. డిస్కులో సగం ఖాళీ అని డీఎఫ్ చెబుతూనే ఉంటుంది, కొత్త ఫైలు రాయబోతే మాత్రం చోటు లేదని లినక్సు అంటుంది. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో డిస్కును సిద్ధం చేసేటప్పుడే ఎన్ని ఫైళ్లు పట్టాలో నిర్ణయమైపోతుంది. మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్, అంటే ఒక ఫైలు వివరాలు రాసుకునే గడి. 40 జీబీకి దాదాపు 26 లక్షలు. ఎవరూ ఊడ్చని పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు, చిటికెడంత క్యాష్ ఫైళ్లు లక్షల్లో చేరితే ఐనోడ్లు ముందే అయిపోతాయి. గుండిగలో అన్నం ఉంది, విస్తరాకులు అయిపోయాయి.

ఇలాంటప్పుడు ఆఫీసులో మొదట వినబడే మాట “రీస్టార్ట్ కొట్టండి సార్” అని. చెరిపేసిన ఫైలు విషయంలో నిజంగానే పనిచేస్తుంది, పట్టుకున్న చెయ్యి వదులుతుంది, 28 జీబీ తిరిగొస్తుంది. నాకు మాత్రం ఆ బటన్ మీద సదభిప్రాయం లేదు. జబ్బు తగ్గుతుంది, ఎందుకొచ్చిందో చెప్పే ఆధారం దానితోనే పోతుంది, మూడు నెలలకు మళ్లీ అదే ఫోన్. కస్టమరు లైనులో కేకలు వేస్తున్నా సరే, ముందు రెండు కమాండ్లు కొట్టి ఆ జవాబు ఒక ఫైలులో దాచుకుని, ఆ తర్వాతే రీస్టార్ట్ చేసేవాడికి నేను సర్వరు పాస్‌వర్డ్ ఇస్తాను.

మీరూ సైట్లు కట్టేవాళ్లయితే ఒక విన్నపం. కొత్త ఫారం పరీక్షించేటప్పుడు ‘టెస్ట్ 123’ అని కొట్టి లేచిపోకండి. పేరు దగ్గర జ్ఞానప్రసూనాంబ అని రాయండి. పుట్టినతేదీ 15 ఆగస్టు ఇవ్వండి. అభిప్రాయం గడిలో ముందు ఒక మెచ్చుకోలు, మధ్యలో దండం ఇమోజీ, దాని వెనక ఒక ఫిర్యాదు పెట్టండి. తర్వాత డేటాబేసు తెరిచి, రాసింది రాసినట్టు ఉందో లేదో మీ కళ్లతో చూసుకుని, అప్పుడు కస్టమరుకు అప్పగించండి.